అతుకు దగ్గర తెగిన తోక

కాదు. ఇంకో వందసార్లు అడిగినా నా జవాబు ఇదే. ఫలితం కలిసినంత మాత్రాన లెక్క సరైనదైపోదు. నిన్న పొద్దున నారాయణగూడ సిగ్నల్ దగ్గర ఆటోలో కూర్చుని గ్రూపులో ఇదే ముక్క రాస్తే, కార్తీక్ దాని కింద పళ్లికిలించే బొమ్మ పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆటో ఆయన అద్దంలోంచి చూసి, "ఏమైందక్కా, గంత పరేషాన్ ఉన్నవ్?" అని కూడా అడిగాడు.

కార్తీక్ నేను పనిచేసిన రీసెర్చ్ సెంటర్‌లో ఈ ఏడాది చేరాడు. నేను మానేసినా అక్కడి వాట్సాప్ గ్రూపులోంచి నన్నెవరూ తీసెయ్యలేదు, నేనూ బయటికి రాలేదు. అక్కడ నాతో పాటు ఉండి డాక్టరేట్ చేసిన స్వప్న థీసిస్ కథ ఎవరో అతనికి చెప్పారు. దాని మీద అతని తీర్పు ఇది: "అక్కా, ఆఖరికి శాటిలైట్లు చెప్పేది కూడ గా జాగనే గదా. ఒక్క గీత కోసం ఆమెవి ఏడు నెలలు ఖరాబ్ చేసినవ్." నేను పొడుగ్గా సమాధానం రాశాను. "గింత పెద్ద మెసేజా, తర్వాత చదువుత" అన్నాడు.

సరే, తర్వాతే చదువు. ఇదిగో, మొత్తం రాస్తున్నాను. నీ ఒక్కడి కోసమే కాదు, ఈ పనిలోకి వచ్చే వాళ్లందరి కోసం.

రిటైరైన పెద్దవాళ్లు కదా ఇలాంటివి రాసేది, నీకు ముప్పై ఆరే కదా అనొచ్చు. నిజమే. కానీ నేను పదకొండేళ్లు ఒకే తోకను చూశాను. ఆ పని వదిలేశాను, మళ్లీ పోను. దాన్ని రిటైర్ కావడమే అంటారు. ప్రమోషన్ల గురించి ఏమీ రాయను. కాంట్రాక్టు పోస్టులో ఉంటే కదా రాయడానికి.

చున్నీ

పని ఏమిటో ముందు చెప్తాను. మా పక్కింటావిడకు చెప్పినట్టే చెప్తాను.

సూర్యుడి నుంచి ఎప్పుడూ ఒక గాలి వీస్తూ ఉంటుంది. మన గాలి లాంటిది కాదు, కరెంటు నిండిన సన్నటి కణాల గాలి. భూమికి అయస్కాంత శక్తి ఉంది కాబట్టి ఆ గాలి నేరుగా మన మీద పడదు. భూమి చుట్టూ ఉన్న ఆ అయస్కాంతపు పొరను సూర్యుడి వైపు అణిచేసి, వెనక వైపు సాగదీసుకుంటూ పోతుంది. స్కూటీ మీద పోతుంటే వెనక చున్నీ లేచి సాగుతుంది కదా, అట్లా. ఆ సాగిందే తోక. చంద్రుడిని దాటి ఇంకా ఎంతో దూరం పోతుంది.

ఆ గాలి తనతో పాటు తన అయస్కాంతాన్ని కూడా మోసుకొస్తుంది. అది దక్షిణం వైపు తిరిగి ఉన్నప్పుడు శక్తి వచ్చి తోకలో చేరడం మొదలవుతుంది. చేరిన కొద్దీ తోక మధ్య భాగం పలచబడుతుంది. పలచబడి పలచబడి, ఎక్కడో ఒకచోట తెగుతుంది. బయటి ముక్క అంతరిక్షంలోకి ఎగిరిపోతుంది, లోపలి ముక్క రబ్బరు బ్యాండులా భూమి వైపు వెనక్కి కొడుతుంది. ధ్రువాల దగ్గర ఆకాశంలో కనిపించే ఆ పచ్చటి వెలుగులకు ఒక కారణం ఇదే. పైన తిరిగే శాటిలైట్లకు ఇబ్బంది కూడా ఇలాంటప్పుడే. గాలి మారితే తోక ఎప్పుడు తెగుతుంది, ఎక్కడ తెగుతుంది? ఇదే మా పని. అక్కడికి పోయి చూడలేం కాబట్టి కంప్యూటర్‌లో ఒక భూమిని, ఒక గాలిని, ఒక తోకను తయారు చేసి చూస్తాం.

పక్కింటావిడ ఇదంతా శ్రద్ధగా విని, "గాలి సంగతి నాకెందుకు బిడ్డా, వానెప్పుడు పడతదో చెప్పు, మిద్దె మీద వడియాలు పెట్టిన" అంది.

ఇంకొక్క సంగతి చెప్తే మిగతాదంతా అర్థమవుతుంది. కంప్యూటర్‌లో ఆకాశాన్ని గళ్లుగా కోస్తాం. ప్రతి గడికీ ఒక లెక్క. గళ్లు ఎంత చిన్నవైతే బొమ్మ అంత నిజం, పని అంత ఆలస్యం. అందుకని భూమికి దగ్గరగా సన్న గళ్లు, దూరంగా పెద్ద గళ్లు పెడతాం. సన్న గళ్లు ఆగిపోయి పెద్ద గళ్లు మొదలయ్యే చోటును మేం అతుకు అనేవాళ్లం. అది ఎక్కడుండాలో చెప్పేది ప్రోగ్రాంలో ఒకే ఒక్క లైను. ఆ లైను రాసేది నేను.

విఠల్ సార్

మా పెద్దాయన విఠల్ సార్. విద్యానగర్‌లో ఉండేవారు, నడిచి వచ్చేవారు. ఫోన్ ఉండేది కానీ సొరుగులో ఉండేది. బల్ల మీద మాత్రం ఒక చెక్క స్కేలు, కాగితాల కట్ట. మేం రంగురంగుల బొమ్మలు పట్టుకుపోతే పక్కన పెట్టి, "అంకెలు తే బిడ్డా" అనేవారు. అంకెలు తెస్తే స్కేలు పెట్టి ఒక్కో వరుస చదివేవారు.

చేరిన కొత్తలో నాకు ఆయనంటే విసుగు. నేను చిక్కడపల్లిలో పుట్టి పెరిగినదాన్ని, ఏదైనా రెండు నిమిషాల్లో తేలిపోవాలి. పెద్ద కంప్యూటర్‌లో రన్ పెట్టి, అంటే లెక్క మొదటి నుంచి చివరిదాకా నడవడానికి వదిలి, ఊరుకోలేక, గంటకోసారి తోక బొమ్మ నా ఫోన్‌కు వచ్చేలా ఒక ఏర్పాటు చేసుకున్నాను. బస్సులో, పెళ్లి భోజనాల దగ్గర, ఎక్కడున్నా గంట కాగానే ఫోన్ టింగుమనేది, నా తోక వచ్చేది. అరచెయ్యంత బొమ్మ. ఎంత ముద్దుగా ఉండేదో.

"దాన్నట్ల చూస్తే తెల్వది" అనేవారు సార్.

"మరెట్ల తెలుస్తది సార్?"

"ఏది మారిస్తే ఇది మారుతదని అడుగు. ఏం మార్చినా మారకపోతే భయపడు."

ఆయన్ని దేవుణ్ని చేసి రాయడం నాకిష్టం లేదు. మంచి శాస్త్రవేత్త, కానీ మా కోసం పోట్లాడే మనిషి కాదు. మాకు కొత్త మెషిన్ అడగలేదు, కాంట్రాక్టు పొడిగింపుకు ప్రతి ఏడాదీ మేమే తిరిగాం. మీటింగులో ఎవరైనా గొంతు పెంచితే ఆయన గొంతు తగ్గించేవారు. నాకు ఆ కోపం ఇప్పటికీ పోలేదు. కొత్తగా చేరేవాళ్లు ఇది కూడా తెలుసుకోవాలి. పని నేర్పే మనిషీ, మన కోసం నిలబడే మనిషీ ఒక్కరే అయి ఉండాలని రాసిపెట్టి లేదు.

నా తొందర

నా తప్పు ఇక్కడ మొదలైంది.

మామూలుగా మా అతుకు భూమికి నలభై భూ వ్యాసార్ధాల దూరంలో ఉండేది. అట్లా ఉంటే ఒక్కో రన్‌కు తొమ్మిది రోజులు. ఒక సోమవారం పెద్ద మీటింగు పెట్టారు, దానికి ముందు నాకు బొమ్మ కావాలి. అతుకును దగ్గరికి లాగి ఇరవై నాలుగు దగ్గర పెట్టాను. రన్ నాలుగు రోజుల్లో అయిపోయింది. ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, అది చెప్పాల్సిన విషయమని నాకు తట్టలేదు. ఆ తర్వాత దాన్ని వెనక్కి పెట్టాలని కూడా తట్టలేదు. నాలుగు రోజుల రుచి మరిగాక తొమ్మిది రోజులు ఎవరు ఆగుతారు?

ఆ రన్‌లో తోక తెగిన గంటకు నేను చిక్కడపల్లి మార్కెట్‌లో టమాటాలు ఏరుతున్నాను. ఫోన్ టింగుమంది. చూస్తే ఇరవై అయిదు దగ్గర చక్కగా, కత్తిరించినట్టు తెగి ఉంది. "తెగింది!" అని అరిచాను.

"ఏంది బిడ్డా, సంచా?" అని కూరగాయలామె కంగారుగా వంగి కింద చూసింది.

ఇరవై నుంచి ముప్పై మధ్యలో తోక ఎక్కువగా తెగుతుందని శాటిలైట్లు ఎప్పటినుంచో చెప్తున్నాయి. నా తోక ఆ మధ్యలోనే తెగింది. ఇంకేం కావాలి? అందరూ మెచ్చుకున్నారు. కలిసిపోయిన లెక్కను ఎవరూ విప్పి చూడరు. కలవని లెక్కనైతే పది మంది పది రకాలుగా తిప్పి చూస్తారు.

ఆ గళ్ల మీదే స్వప్న థీసిస్ కట్టుకుంది.

స్వప్నది జనగామ దగ్గర ఊరు. అశోక్ నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో ఉండేది. గదిలో ఉన్న మిగతా ముగ్గురూ గ్రూప్స్‌కు చదివేవాళ్లు. వాళ్లు తెల్లారి లేచి రాజ్యాంగం బట్టీ పడుతుంటే ఈ పిల్ల మంచం మీద లాప్‌టాప్‌లో తోక చూసుకునేది. "నీ తోక నోటిఫికేషన్ ఎప్పుడు పడతదే స్వప్నా?" అని ఏడిపించేవాళ్లు. తనూ నవ్వేది. కానీ లోపల తనకూ గడువు ఉంది. ఒక కాలేజీ వాళ్లు జూన్‌లోగా డాక్టరేట్ చేతికొస్తే లెక్చరర్‌గా తీసుకుంటామని మాటిచ్చారు. రాకపోతే ఆ చోటు ఇంకొకరిది. ఫెలోషిప్ కూడా అప్పటికే అయిపోవస్తోంది.

స్వప్న గాలిని ఆరు రకాలుగా మార్చి ఆరు రన్లు పెట్టింది. గట్టి గాలి, మెల్లటి గాలి, దక్షిణానికి ఎక్కువ తిరిగినది, తక్కువ తిరిగినది. ఆరింటిలోనూ తోక ఒకేచోట తెగింది. గాలి ఎట్లా మారినా తెగే చోటు మారదు అన్నదే తన ముఖ్యమైన అధ్యాయం.

సార్ ఆ అంకెల మీద స్కేలు పెట్టి చాలాసేపు చూశారు.

"ఆరింట్ల ఒక్కదాంట్ల కూడ ఒక్క గడి జరగలేదా?"

"లేదు సార్" అంది స్వప్న సంతోషంగా.

ఆయన నా వైపు తిరిగారు. "అతుకు ఎక్కడ పెట్టినవ్ బిడ్డా?"

"ఇరవై నాలుగు."

"ఒక్కసారి వెనక్కి జరిపి చూడరాదు?"

నాకు కోపం నెత్తికెక్కింది. తొమ్మిది రోజుల చొప్పున ఆరు రన్లు, అదీ పెద్ద కంప్యూటర్ క్యూలో చోటు దొరికితే. జూన్ ఎక్కడ, ఇదంతా ఎక్కడ? స్వప్న ముందే అరిచాను. "మీరు రెండు నెలల్ల రిటైరయితరు సార్. పోయేముందు ఈ పిల్ల పని కూడ ఆపి పోతరా? శాటిలైట్‌తోని కలిసినంక ఇంకేం చూడాలె?"

ఆయన స్కేలును సొరుగులో పెట్టి, "నీ ఇష్టం" అన్నారు. నేను గెలిచాననుకుని బయటికి వచ్చాను. ఆయన అక్కడ నన్ను ఆపాల్సింది. గొంతు పెంచాల్సింది. ఆ రోజు ఆయన మర్యాద వల్ల కూడా స్వప్నకు నష్టం జరిగింది.

యాదన్న మిషన్

థీసిస్ ఇచ్చే ముందు సెంటర్‌లో ఒక సెమినార్ చెప్పాలి. దానికి తోక బొమ్మను పెద్ద కాగితం మీద వెయ్యాలి. స్వప్న, నేను అశోక్ నగర్‌లో యాదన్న జిరాక్స్ షాపుకు పోయాం. కరెంట్ అఫైర్స్ కట్టలు, పాత ప్రశ్నపత్రాలు పేర్చిన చిన్న గది. వచ్చే ప్రతివాడూ ఏదో ఒక పరీక్షలో ఉంటాడు, యాదన్న ప్రతివాడికీ "ఈసారి వస్తది పో" అని చెప్పి పంపుతాడు.

మా ఫైలు బరువుగా ఉండి అతని కంప్యూటర్‌లో తెరుచుకోలేదు. స్వప్న అక్కడే లాప్‌టాప్ తీసి, బొమ్మను నున్నగా చేసే ఆప్షన్ తీసేసి తేలిక చేసి ఇచ్చింది. కలర్ మిషన్ ఖాళీ లేదు. ముందు నలుపు తెలుపులో ఒకటి తీసి సైజు చూద్దాం అన్నాడు.

కాగితం బయటికి వచ్చింది. తోకకు అడ్డంగా ఒక నిట్టనిలువు గీత. గీతకు ఇటు నీడ మెత్తగా ఉంది, అటు ముతక గళ్లు గళ్లుగా ఉంది. తోక ఆ గీత దాటిన వెంటనే తెగింది.

"ఏందన్నా ఇది, గీత పడ్డది?" అన్నాను.

"మా మిషన్‌ది కాదక్కా. మీ బొమ్మల్నే ఉన్నట్టుంది."

"మా బొమ్మల గీత ఎందుకుంటది? నీ మిషన్ సాఫ్ చేసి ఎన్ని రోజులైంది?"

"నిన్ననే చేసిన."

"చేస్తే గిట్ల వస్తదా?" నా గొంతుకు క్యూలో ఉన్న పిల్లలు తలలు తిప్పారు. అతను ఇంకోటి తీశాడు. అదే గీత, అదే చోట.

అప్పుడు తెలిసింది నాకు. అరుస్తూ అరుస్తూనే తెలిసింది. ఇరవై నాలుగు. ఏడాదిన్నరగా అరచేతిలో చూసిన బొమ్మ. చిన్నదిగా, నున్నగా, రంగులతో ఉన్నన్నాళ్లూ ఆ గీత నాకు కనిపించలేదు. పెద్ద గళ్లలో అంత పలచటి తోక పట్టదు. పట్టక, గాలితో పని లేకుండా, అక్కడ అదే చినిగిపోతోంది. స్వప్న ఆరు గాలులు పంపింది. ఆరుసార్లూ తోకను తెంపింది నా అతుకు.

"ఏమైందక్కా?" అంది స్వప్న. తను అటు పక్క ఫైలు పెట్టుకుంటోంది, కాగితాన్ని సరిగ్గా చూడలేదు.

నేను ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషిని కదా. ఆ రోజు చాలా మెల్లగా అన్నాను. "ఏం లేదు. మిషన్ ప్రాబ్లం. వేరే కాడ తీపిద్దాం."

కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. యాదన్న నన్నే చూస్తున్నాడు. అతని ముఖం చూడకుండా వచ్చేశాను.

రెండు రోజులు అట్లాగే ఉన్నాను. స్వప్నతో చాయ్ తాగాను, తన స్లైడ్లలో అక్షరాలు సరిదిద్దాను. లోపల నేను చెప్పుకున్నది అచ్చం కార్తీక్ మాటే. ఎట్లాగూ శాటిలైట్ చెప్పేది ఆ చోటే కదా. ఎవరికి తెలుస్తుంది? జూన్‌కు ఆ పిల్ల ఉద్యోగంలో చేరిపోతుంది.

మూడో రోజు పొద్దున యాదన్న ఫోన్ చేశాడు. షాపులో మొదట ఫైలు పంపింది నా నంబరు నుంచే.

"అక్కా, మెకానిక్‌ను పిలిచి మిషన్ ఇప్పి చూపించిన. ఏం లేదన్నడు. అయినా నాకు మనసున వట్టలే. మీ ఫైల్ ఈడనే ఉండె గదా, బొమ్మను అడ్డం తిప్పి తీసిన. గీత కూడ తిరిగింది. మిషన్‌దైతే గీత ఉన్నకాడనే ఉండాలె గదా? మీ బొమ్మల్నే ఉందక్కా. జర చూసుకో. పిల్ల పరీక్ష అన్నవ్, తప్పు వోతే పాపం."

తొమ్మిది రోజులు దండగ అని నేను సార్ మీద అరిచిన పరీక్షను, యాదన్న ఒక కాగితం తిప్పి చేసేశాడు. నేను అతని మిషన్ మీద వేసిన నింద అబద్ధమని తేల్చుకోవడానికి.

లైబ్రరీ మెట్లు

స్వప్నను సిటీ లైబ్రరీ దగ్గరికి రమ్మన్నాను. లోపల కుర్చీ దొరకని పిల్లలు బయట మెట్ల మీద కూర్చుని చదువుతున్నారు. వాళ్ల మధ్యే కూర్చుని మడత కాగితం విప్పి చూపించాను. అతుకు సంగతి చెప్పాను. తను అర్థం చేసుకోవడానికి ఒక్క నిమిషం పట్టింది. తెలివైన పిల్ల.

"నీకెప్పటి సంది తెల్సు?"

"మొన్న షాపుల..."

"రెండు రోజులు." కాగితం మీద నుంచి తల ఎత్తలేదు. "రెండు రోజులు నా ఎదురుంగ కూసోని చాయ్ తాగినవ్. స్పెల్లింగులు దిద్దినవ్."

"భయమైంది స్వప్నా. నీ జూన్..."

"నా జూన్ పేరు పెట్టకు మేడం. భయం నాకోసం కాదు. సార్ ముంగట నీ మాట పోతదని."

అది నిజం. నిజం కాబట్టి నాకు కోపం రాలేదు. మేడం అన్న మాటే ఎక్కువ తగిలింది. నాలుగేళ్లు అక్కా అని పిలిచిన పిల్ల ఆ రోజు నుంచి మేడం అనడం మొదలుపెట్టింది.

"ఎవ్వరికీ చెప్పకుంటే ఏమైతది?" అని తనే అడిగింది చివరికి.

"ఏం కాదు. డిగ్రీ వస్తది. నేనెవ్వరికీ చెప్ప. నీ థీసిస్, నీ ఇష్టం."

పక్క మెట్టు మీద ఒక అబ్బాయి నదుల పేర్లు పైకి చదువుకుంటున్నాడు. అన్ని నదులూ అయిపోయి మళ్లీ మొదటికి వచ్చాడు.

"రేపు కాలేజీల పోరగాళ్లకు పాఠం చెప్పుకుంట ఈ తోక బొమ్మ గీయాల్సి వస్తే, ఎక్కడ తెంపాలె నేను?" అంది. "లే. సార్ ఇంటికి పోదం."

విద్యానగర్‌లో సార్ లుంగీలో ఉన్నారు, మొక్కలకు నీళ్లు పోస్తున్నారు. కాగితం ఆయన చేతికిచ్చి, "మీరడిగినప్పుడు జరపాల్సింది సార్" అన్నాను. ఏదో ఒకటి అంటారని తల వంచుకుని నిలబడ్డాను. ఆయన కళ్లద్దాలు తెచ్చుకుని చూశారు.

"మంచిగ వడ్డదే గీత. ఎవరు తీసిండ్రు?"

"జిరాక్స్ షాపాయన."

"ఆయనను మన దగ్గర వెట్టుకోవాల్సింది" అన్నారు. ఆ తర్వాత అడిగింది ఒక్కటే. "ఇప్పుడు అతుకు ఏడ వెడదం?"

జరిగిన గీత

నలభై దగ్గర పెట్టి రెండు రన్లు చేశాం. గట్టి గాలికి తోక నలభైకి కొంచెం ఇవతల తెగింది, మెల్లటి గాలికి నలభై దాటగానే, అంటే మళ్లీ అతుకు దగ్గరే, తెగింది. అతుకు జరిగితే తెగే చోటూ జరిగింది. యాదన్న కాగితంలాగే. ఆరు రన్ల అధ్యాయం అక్కడితో పోయింది. తర్వాత ఆ రెండు గాలులకే తోక మొత్తం సన్న గళ్లు పెట్టి చేద్దామన్నాం. నెలలు పట్టింది. సార్ తన ఉద్యోగం చివరి రోజుల్లో, ఎప్పుడూ ఏమీ అడగని మనిషి, డైరెక్టర్ గదికి పోయి స్వప్న గడువు పొడిగింపు మీద సంతకం పెట్టించుకొచ్చారు. ఎట్లా అడిగారో నాకు తెలియదు, గొంతు పెంచారని మాత్రం బయట కూర్చున్నవాళ్లు చెప్పారు.

ఆ రోజులే నాకు ఎక్కువ గుర్తొస్తాయి. ఫోన్‌కు బొమ్మలు వచ్చేవి కానీ నేను అరచేతిలో చూడడం మానేశాను. పొద్దున్నే ప్రింట్ తీసి, గళ్లతో సహా, బల్ల మీద పరిచేవాళ్లం. సార్ రిటైరయ్యాక కూడా వచ్చి స్కేలు పట్టుకుని నిలబడేవారు. స్వప్న ఒక పక్క, నేను ఒక పక్క. మధ్యాహ్నం నారాయణగూడ నుంచి ఇరానీ చాయ్ ఫ్లాస్కులో తెచ్చుకునేవాళ్లం. స్వప్న నాకు కూడా కప్పు పోసేది. "తీస్కోండి మేడం" అనేది.

చివరికి తేలింది చిన్న విషయమే. గట్టి గాలికి తోక దగ్గర తెగింది, మెల్లటి గాలికి దూరంగా తెగింది. రెండే రన్లు కాబట్టి ఇంతకంటే గట్టిగా చెప్పలేమని స్వప్న థీసిస్‌లో రాసింది. పాత ఆరు రన్లను కూడా తీసెయ్యలేదు. ఇవి ఎందుకు తప్పో ఒక అధ్యాయమంతా వివరించింది. ఆ గళ్లు ఎవరు పెట్టారో కూడా రాసింది, నా పేరుతో. నేనే రాయమన్నాను. పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన మిగతా అధ్యాయాలు తిప్పేసి, దాని మీదే గంటసేపు అడిగారు. స్వప్న ఒక్కదానికి కూడా తడబడలేదు. బయటికి వచ్చి, కారిడార్‌లో నన్ను చూసి, "అయిపోయిందక్కా" అంది.

ఆ కాలేజీ ఉద్యోగం పోయింది, నిజమే. జూన్ దాటిపోయింది. గదిలో ఉన్న ముగ్గురిలో ఇద్దరు ఈలోగా ఉద్యోగాలకు పోయారు, తను మాత్రం హాస్టల్‌లో ఇంకో ఏడాది ఉండాల్సి వచ్చింది. ఆ తర్వాత వేరే డిగ్రీ కాలేజీలో దొరికింది. నష్టం లేదని నేను ఎప్పుడూ అనలేదు కార్తీక్. ఆ నష్టానికి కారణం గీత కాదు, అతుకును లాగిన నా తొందర.

ఎందుకు మానేశాను

సార్ తర్వాత వచ్చినాయన బొమ్మల మనిషి. ఒకసారి ఒక పెద్ద మీటింగుకు ముందు నా ప్రింట్ చూసి, "ఈ గళ్లు కనబడకుండా నున్నగా చేసెయ్యండి, చూసేవాళ్లకు డౌట్లొస్తాయి" అన్నారు. డౌట్లు రావడానికే పెట్టానన్నాను. అట్లా అంటే బాగుండేది, అరిచాను. నాది నోరు కాదు, సైరన్. మాట మీద మాట పెరిగి ఆ నెలాఖరుకు మానేశాను. కొంచెం మెల్లగా చెప్పి ఉంటే ఇంకా అక్కడే ఉండేదాన్నేమో. ఇది కూడా నేర్చుకోండి, నన్ను చూసి కాదు, నేను పోగొట్టుకున్నది చూసి.

ఇప్పుడు బాగ్ లింగంపల్లిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తున్నాను. పని బాగానే ఉంది. కానీ గంట కాగానే చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోతుంది. ఏ బొమ్మా రాదు. సూర్యుడి గాలి అక్కడ వీస్తూనే ఉంటుంది, తోక సాగుతూనే ఉంటుంది, ఎక్కడో తెగుతూనే ఉంటుంది, నాకు చెప్పేవాళ్లు లేరు.

యాదన్న షాపు ముందు నుంచి పోయినప్పుడల్లా ఆగుతాను. ఆ రోజు అన్న మాటలకు సారీ చెప్పాను, ఎప్పుడో. "మిషన్ మీద అంటే నాకు కోపం వస్తదక్కా, మనుషుల మీద అనుకో, పర్వాలే" అని నవ్వాడు.

ఇది రాసేముందు స్వప్నకు ఫోన్ చేసి అడిగాను. "రాయక్కా. కాని రెండు రోజులు దాచిపెట్టినవ్ గదా, గా ముచ్చట ఇడిసిపెట్టకు" అంది. విడిచిపెట్టలేదు. తను ఇప్పుడు క్లాసులో బోర్డు మీద తోక గీసినప్పుడు, తెగిన చోట ఒక ప్రశ్న గుర్తు పెట్టి, గాలిని బట్టి అని చెప్తుందట.

ఆ మడత కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. కార్తీక్, ఆ రోజు నేను దాన్ని బ్యాగులోనే ఉంచేసి, తప్పంతా యాదన్న మిషన్‌దే అని ఊరుకుని ఉంటే స్వప్నకు మేలు జరిగేదని నువ్వంటున్నావు. గ్రూపులో పళ్లికిలించే బొమ్మ పెట్టినంత తేలిగ్గా, స్వప్న ఎదురుగా నిలబడి ఆ మాట అనగలవా?